మనోచికిత్స – స్త్రీ పురుష భేదం, ఇంటి సంబంధాలు

నిద్ర పట్టడం లేదని ఆదోనిలో నా వద్దకు వచ్చే స్త్రీలు మొదట చెప్పేది గుండె దడ. ఇంటి సంగతి గుమ్మం దాటబోతూ చెబుతారు. ఎమ్మిగనూరు నుండి వచ్చిన ఒక నేత కుటుంబపు ఇల్లాలికి రాత్రి పాలలో చిటికెడు జాజికాయ పొడి, అరికాళ్లకు నువ్వులనూనె మర్దన సూచించాను. పది రోజులు నిద్ర పట్టింది, పిదప యథాస్థితి. పగలంతా ఒకే కప్పు క్రింద పనిచేస్తూ భర్త ఆమెతో నెలల తరబడి మాట్లాడడం లేదని అప్పుడు తెలిసింది. నాడి చూచిన నేను ఆ ప్రశ్న ముందే అడుగకపోవడం నా పొరపాటే.

చరకుడు సూత్రస్థానంలో చెప్పిన మూడు చికిత్సలలో సత్త్వావజయం ఒకటి: మనస్సును అహిత విషయాల నుండి మరల్చడం. నేటి మనోచికిత్సకు ఇది దగ్గరి బంధువు. రెండూ ఒకటే అనడం మాత్రం తొందరపాటు.

అమెరికాలో హొరోవిట్జ్ ప్రభృతులు 1988లో మానవ సంబంధాలలోని ఇబ్బందులను కొలిచే ప్రశ్నావళిని ప్రకటించారు. కాదనలేకపోవడం, ఇతరుల కోసం తమను అరగదీసుకోవడం స్త్రీలలోనూ, పెత్తనం, ముభావం పురుషులలోనూ సగటున కొంత అధికమని ఇటువంటి పరిశీలనలలో తరచు కనబడుతుంది. స్వల్పకాలిక చికిత్సలో మొదటి రకం వారికి గుణం సులభంగా కనిపించగా, ముభావులకు కష్టమైనది. స్త్రీయా పురుషుడా అన్నదాని కంటె సంబంధాల తీరే ముఖ్యమన్నమాట. చికిత్స నడిచేది వైద్యునిపై నమ్మకంతో కదా! ఇంట్లో నోరు విప్పనివాడు వైద్యుని ఎదుటా విప్పడు. అయితే కాదనలేని ఇల్లాలు వైద్యుని నొప్పించలేక కూడా "తగ్గిందండీ" అనగలదు. ఆ మాటను నేను వెంటనే నమ్మను.

1953 వరకు ఆదోని బళ్లారి జిల్లాలోనిదే. ఆ బళ్లారిలోనే బెంగుళూరు నిమ్హాన్స్ వారు 1985 ప్రాంతంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా నడిపారు. 1996లో అది జాతీయ కార్యక్రమంలో చేరింది. మనోవ్యాధికి వైద్యం మన పొరుగుననే పల్లెలకు చేరిందని చాలామంది ఎరుగరు.

ఇంట్లో కొట్టడం ఉన్నచోట దంపతులను కలిపి కూర్చోబెట్టరాదు. ఆమెతో విడిగా మాట్లాడాలి. ప్రాణం తీసుకోవాలన్న తలంపు వస్తే ఇంటి మందులతో కాలయాపన చేయక మానసిక వైద్యుని చూడండి. టెలి మానస్ వారి ఉచిత ఫోను 14416.

ఆ భర్తకు కబురు పంపితే "నాకేమి రోగం సామీ, మందు ఆమెకియ్యండి" అన్నాడు. మూడవసారి నడుము నొప్పి సాకుతో వచ్చాడు. నడుముకు తైలం రాస్తూండగా, నూలు అప్పు సంగతి భార్యకు చెప్పలేక మాట మానివేశానన్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉన్నది.