గోడలో దాగిన మంచుగడ్డ

మేముండే ఫీనిక్స్‌లో వేసవి కరెంటు బిల్లు చూస్తే ఏసీ లేకుండానే వణుకు పుడుతుంది! అందుకే గోడలే ఇంటిని చల్లబరుస్తాయని చదివి, ఆసక్తిగా లెక్కలు వేశాను.

పిల్లలూ, ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడి చెయ్యడానికి ఒక కేలరీ చాలు. ఒక గ్రాము ఐసు కరగడానికి మాత్రం 80 కేలరీలు కావాలి. కరిగేంతసేపూ దాని ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఉంటుంది. ఈ దాగిన వేడినే గుప్తోష్ణం అంటారు.

గోడల్లోనూ ఇదే కిటుకు. సుమారు 23-26 డిగ్రీల దగ్గర కరిగే పారఫిన్ మైనాన్ని కంటికి ఆనని గుళికల్లో నింపి జిప్సం పలకల్లో కలుపుతారు. పగలు గదిలోని వేడిని పీల్చుకుని మైనం కరుగుతుంది. రాత్రి కిటికీలు తెరిస్తే, చల్లగాలికి ఆ వేడిని వదిలేసి మళ్ళీ గడ్డకడుతుంది.

ఆలోచన పాతదే. 1948లో మసాచుసెట్స్‌లోని డోవర్‌లో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త ఇలా కరిగే లవణంతో ఒక ఇంటిని వెచ్చబరిచారు. కొన్ని చలికాలాలకే ఆ లవణం పొరలుగా విడిపోయి పనిచెయ్యడం మానేసింది.

అసలు మెలిక రాత్రిలో ఉంది. మైనం గడ్డకట్టకపోతే మర్నాటికి అది మామూలు గోడే. ఫీనిక్స్‌ జూలై రాత్రులు తరచుగా 27 డిగ్రీల కిందికి దిగవు. మే నెలలో విజయవాడ ఉక్క రాత్రులదీ అదే కథ. మదనపల్లె లాంటి ఎత్తైన ఊళ్ళకు కాస్త ఆశ ఉంది.

ఇండియాలో అమ్మానాన్నలకు ఇల్లు కట్టించే మిత్రులారా, ఎండాకాలం కరెంటు పోయినప్పుడు ఆ గోడల మధ్య ఉండేది వాళ్ళే. ముందు డాబాకు తెల్లసున్నం, కిటికీలకు నీడ చూడండి. రాత్రులు చల్లబడే ఊరైతేనే మైనం గోడల మాట!