పరదేశంలో పండుగ

పండుగ ఒంటరిగా జరుపుకొనేది కాదు. ఎన్ని పిండివంటలు వండుకున్నా, ఎంత విలువైన బట్టలు కట్టుకున్నా, పంచుకొనే మనిషి లేనినాడు అది మామూలు రోజుగానే గడిచిపోతుంది. ఇల్లు విడిచి దూరదేశంలో చదువుకొనే విద్యార్థికి ఈ సత్యం డిసెంబరు నెలలో బాగా తెలిసివస్తుంది.

హైదరాబాదు నగరపు తూర్పు అంచున ఉన్న చర్లపల్లి పారిశ్రామిక వాడగా పేరుపొందింది. అక్కడి నుండి, పక్కనున్న నాచారం, ఉప్పల్ ప్రాంతాల నుండి ఎందరో యువతీయువకులు ఉన్నత విద్య కొరకు విదేశాలకు వెళుతున్నారు. 2023-24 విద్యాసంవత్సరంలో ఒక్క అమెరికాలోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వారిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. ప్రయాణానికి ముందే వీరు చదువును గురించి, ఖర్చులను గురించి ఎంతో ఆలోచించుకుంటారు. కాని సెలవుదినాలు ఎలా గడుస్తాయో ఆలోచించేవారు అరుదు.

మన ప్రాంతంలో క్రిస్మస్ వీధిలో కూడా కనిపించే పండుగ. డిసెంబరు రాగానే క్రైస్తవుల ఇళ్ల ముందు నక్షత్రదీపాలు వెలుగుతాయి. యువజనులు రాత్రివేళ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. ఇరుగుపొరుగు వారికి కేకులు, మిఠాయిలు అందుతాయి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని చూడడానికి అన్ని మతాలవారూ వెళతారు. ఆనాడు బస్సులు నడుస్తూనే ఉంటాయి; చాలా దుకాణాలు తెరిచే ఉంటాయి.

ఐరోపా దేశాలలో పరిస్థితి వేరు. అక్కడ క్రిస్మస్ ప్రధానంగా ఇంటిలోపలి పండుగ. లండన్ నగరంలో డిసెంబరు 25న భూగర్భ రైళ్లు నడవవు. జర్మనీలో 24వ తేదీ మధ్యాహ్నానికే దుకాణాలు మూతపడతాయి. 25, 26 తేదీలు రెండూ సెలవులే. సాయంత్రం నాలుగు గంటలకే చీకటి కమ్ముకుంటుంది. సహవిద్యార్థులు తమ ఊళ్లకు వెళ్లిపోగా వసతిగృహం బోసిపోతుంది. అమెరికాలో సెలవులకు కొన్ని వసతిగృహాలను మూసివేస్తారు కూడా. అందరికీ ఆనందాన్ని తెచ్చే రోజే అక్కడ మిగిలిపోయిన విద్యార్థికి భారమవుతుంది.

ఇది కొత్త సమస్య కాదు. వి.వి.గిరి 1913లో చదువు కొరకు ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్లారు. యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరుకున్నారు. ఆ రోజుల్లో ఇంటి ఉత్తరం ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసి రావలసిందే. నేడు న్యూయార్కులో రాత్రి తొమ్మిది గంటలకు ఫోను చేస్తే, హైదరాబాదులో మరుసటి ఉదయం ఏడున్నరకు అమ్మ ముఖం కనిపిస్తుంది. అయినా ఫోను ఇంటిని చూపగలదే గాని, పక్కన కూర్చోబెట్టుకొని వడ్డించలేదు.

ఆ పని చేయగలవాడు మిత్రుడు. తమ ఊరికి వెళుతూ విదేశీ మిత్రుణ్ణి వెంట తీసుకొనిపోయే విద్యార్థులు ఎన్నో దేశాలలో ఉన్నారు. పోలెండు దేశపు ఆచారం ఒకటి ఈ సందర్భంలో తెలుసుకోదగినది. అక్కడ డిసెంబరు 24వ తేదీ సాయంత్రం ఆకాశంలో తొలి చుక్క పొడిచిన తరువాత కుటుంబమంతా భోజనానికి కూర్చుంటుంది. పలుచని రొట్టెను ఒకరితో ఒకరు పంచుకొని శుభాకాంక్షలు చెప్పుకుంటారు. సంప్రదాయం ప్రకారం పన్నెండు రకాల వంటకాలు వడ్డిస్తారు. వాటిలో మాంసం ఉండదు. బల్ల మీద ఒక కంచం మాత్రం అదనంగా పెడతారు. అది అనుకోకుండా వచ్చే అతిథి కొరకు.

మన భాషలోని 'అతిథి' అన్న పదానికి కూడా తిథి నియమం లేకుండా వచ్చేవాడని పెద్దలు అర్థం చెబుతారు. ఎవరు వస్తారో తెలియకముందే చోటు సిద్ధం చేయడం అన్న భావం వేల మైళ్ల ఎడంలో ఉన్న రెండు సంస్కృతులలోనూ ఉన్నది.

అతిథిగా వెళ్లేవారికీ కొన్ని బాధ్యతలు ఉన్నాయి. మొదటిది భోజన విషయం. గాంధీజీ 1888లో లండన్‌కు చదువుకు వెళ్లినప్పుడు, మాంసం ముట్టనని తల్లికి ఇచ్చిన మాటను నిలుపుకోవడానికి ఎన్నో ఇబ్బందులు పడ్డారు. తినేవి, తిననివి ఏవో ముందుగానే వినయంగా తెలియజేస్తే ఆతిథ్యమిచ్చేవారు నొచ్చుకోరు. వడ్డించిన తరువాత కంచం పక్కకు జరిపితే వారికి కష్టం కలుగుతుంది. చెప్పిన వేళకు వెళ్లడం, చిన్న కానుక తీసుకుపోవడం, భోజనానంతరం గిన్నెలు సర్దడంలో సాయపడడం మర్యాద.

రెండవది మతవిశ్వాసానికి సంబంధించినది. మిత్రుని పండుగలో పాలుపంచుకోవడానికి సొంత విశ్వాసాన్ని వదులుకోనక్కరలేదు. చర్చిలో జరిగే ఆరాధనకు ఎవరైనా వెళ్లి మౌనంగా కూర్చోవచ్చు. కథోలిక దేవాలయాలలో సత్ప్రసాదం స్వీకరించడం మాత్రం ఆ సంఘస్థులకే పరిమితం. ఆ సమయంలో ఇతరులు తమ చోటనే ఉండిపోవడం గౌరవప్రదం. తెలియని విషయాన్ని అడిగి తెలుసుకోవడం తప్పు కాదు.

ఆహ్వానం రాకపోతే నిరాశపడనక్కరలేదు. వసతిగృహంలో మిగిలిపోయిన చైనా, నైజీరియా, బ్రెజిల్ విద్యార్థులదీ అదే పరిస్థితి. తెలుగు విద్యార్థి పులిహోర కలిపి వారిని పిలిస్తే, వారూ తమ తమ వంటకాలతో వస్తారు. అతిథి కావలసినవాడు ఆతిథ్యమిచ్చేవాడు అవుతాడు.

ఈ విషయానికి మరొక వైపు కూడా ఉన్నది. చర్లపల్లికి ఎంతో దూరం కాని తార్నాక ప్రాంతంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడ చదువుకోవడానికి ఆఫ్రికా, ఆసియా ఖండాల నుండి విద్యార్థులు వస్తారు. ఇథియోపియాలోని సనాతన క్రైస్తవులు క్రిస్మస్‌ను సాధారణంగా జనవరి 7న జరుపుకుంటారు. దానిని వారు 'గెన్నా' అంటారు. అంతకుముందు 43 రోజులు మాంసం, పాలు, నెయ్యి ముట్టక ఉపవాసదీక్ష పాటిస్తారు. పులియబెట్టిన పిండితో దోసె వలె పోసే 'ఇంజెరా' వారి నిత్యాహారం. గెన్నానాడు హైదరాబాదులో సెలవు ఉండదు. తరగతులు యథావిధిగా జరుగుతాయి. వారం తిరిగేసరికి సంక్రాంతి వస్తుంది. తెలుగు విద్యార్థులందరూ ఊళ్లకు బయలుదేరుతారు. అప్పుడు ఆ విదేశీ విద్యార్థి పరిస్థితి, జర్మనీ వసతిగృహంలో మిగిలిపోయిన తెలుగు విద్యార్థి పరిస్థితి ఒక్కటే.

మన బిడ్డకు పరదేశంలో ఎవరైనా ఒక ముద్ద పెట్టాలని కోరుకోని తల్లి లేదు. ఆ కోరిక న్యాయమైనదే. కాని తార్నాకలో చదువుకొనే ఇథియోపియా విద్యార్థికీ ఇంటివద్ద ఒక తల్లి ఉన్నది. ఆమె కోరికా అదే. పండుగనాడు మన పంక్తిలో మరొక విస్తరి వేయడానికి గొప్ప సంపద అవసరం లేదు. పక్కనున్న మనిషి ఒంటరిగా ఉన్నాడని గమనించే మనసు ఉంటే చాలు.