పాఠం ఎక్కడ జారిపోయింది?

కొన్నేళ్ల క్రితం మాట. పదో తరగతికి విద్యుత్తు పాఠం చెబుతున్నాను. ముందు బెంచీలో కూర్చునే ఒక కుర్రవాడు ఓమ్ నియమం చెప్పిన రోజున లెక్కలన్నీ తప్పు లేకుండా చేశాడు. మర్నాడు బోర్డు దగ్గరకు పిలిచి అదే నియమం చెప్పమంటే తెల్లమొహం వేశాడు. "నిన్న చెప్పింది ఇవాళ గుర్తు లేదా? బుర్ర ఎక్కడ పెట్టుకున్నావు?" అని అందరి ముందూ కోప్పడ్డాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు గాని నోరు విప్పలేదు.

వాడికి మూర్ఛవ్యాధి ఉన్నదనీ, రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నాడనీ అప్పటికి నాకు తెలియదు. నలుగురికీ తెలిస్తే ఏమంటారోనని ఇంట్లోవాళ్లు బడిలో చెప్పలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి. మాత్రల వల్లనే మతిమరపు వస్తున్నదని తనకు తానే తేల్చుకుని, ఎవరికీ చెప్పకుండా వాడు వాటిని మానేశాడు. నాలుగో రోజున పరీక్ష రాస్తూ రాస్తూ మూర్ఛ వచ్చి కింద పడిపోయాడు.

ఆ రోజు నేను వేసిన ప్రశ్న తప్పు. "పాఠం ఎక్కడ జారిపోయింది?" అని అడిగి ఉండవలసింది. పిల్లలూ, ఆ ప్రశ్నకు శాస్త్రం దగ్గర జవాబు ఉన్నది. అదేమిటో చూద్దాం.

పేరులోనే ఉన్నది

మన ఆయుర్వేదంలో ఈ వ్యాధికి 'అపస్మారం' అని పేరు. చరక సంహితలో దీని చికిత్సకు ఒక అధ్యాయమే ఉన్నది. స్మృతి అంటే జ్ఞాపకం. 'అప' అంటే తొలగిపోవడం. అంటే జ్ఞాపకం తొలగిపోయే వ్యాధి అన్నమాట. మూర్ఛకూ మరపుకూ సంబంధం ఉన్నదని మన పూర్వులు గమనించారు. గ్రీసు దేశంలో క్రీ.పూ. 400 ప్రాంతంలో హిప్పోక్రటీస్ సంప్రదాయానికి చెందిన వైద్యులు, ఇది దేవతల ఆగ్రహం వల్ల వచ్చేది కాదనీ, మెదడులో పుట్టే వ్యాధి అనీ రాశారు. అయినా దయ్యం పట్టిందనే మాట నేటికీ అక్కడక్కడ వినిపిస్తూనే ఉన్నది.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఇవి చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. తరగతిలో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే పాఠం నడుస్తుంది. అందరూ ఒక్కసారే కేకలు వేస్తే? గొడవ తప్ప మరేమీ వినపడదు. మెదడులో చాలా నాడీకణాలు ఒక్కసారే, అదుపు లేకుండా సంకేతాలు పంపడమే మూర్ఛ. జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మొదటిసారిగా మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసి, 1929లో ఆ సంగతి ప్రకటించాడు. ఇ.ఇ.జి. అని మనం నేడు వినే పరీక్ష అదే.

గాదె, ధాన్యం

జ్ఞాపకం అంటే ఒకే పని అనుకుంటాం. నిజానికి అందులో మూడు పనులు ఉన్నాయి. రైతు సంగతి చూడండి. పంటను కళ్లంలో కొలిచి పోగుచేస్తాడు. గాదెలో పోసి భద్రపరుస్తాడు. అవసరమైనప్పుడు గాదె నుంచి తీస్తాడు. జ్ఞాపకమూ అంతే. విన్నదానిని శ్రద్ధగా పట్టుకోవడం మొదటి పని. దానిని భద్రపరచడం రెండోది. వెతికి బయటకు తీయడం మూడోది. ఈ మూడింటిలో ఏది దెబ్బతిన్నా మనం "మరచిపోయాను" అనే ఒక్క మాటే అంటాం.

భద్రపరచే పనిలో ముఖ్యపాత్ర హిప్పోక్యాంపస్ అనే భాగానిది. కణతల లోపలి వైపున, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి ఉంటాయి. చూడడానికి సముద్రపు గుర్రం అనే చేపలాగా వంపు తిరిగి ఉంటుంది గనుక గ్రీకు భాషలో దానికి ఆ పేరే పెట్టారు.

దీని విలువ లోకానికి తెలిసింది ఒక మూర్ఛరోగి వల్లనే. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి చిన్ననాటి నుంచి మూర్ఛలు వచ్చేవి. మందులకు లొంగలేదు. 1953లో, అతనికి 27 ఏళ్ల వయసులో, విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు మెదడు రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగాన్నీ, దాని చుట్టుపక్కల భాగాలనూ తీసివేశాడు. మూర్ఛలు బాగా తగ్గాయి. కాని ఆనాటి నుంచి హెన్రీకి కొత్త సంగతి ఏదీ నిలవలేదు. ఇప్పుడే మాట్లాడి వెళ్లిన మనిషి కాసేపటికి తిరిగి వస్తే కొత్తవారిని చూసినట్లు పలకరించేవాడు. చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పగలిగేవాడు. గాదెలోని పాత ధాన్యం పోలేదు, కొత్త ధాన్యం పోసే దారి మూసుకుపోయింది. రెండు వైపులా అలా తీసివేయరాదని వైద్యులు అతని వల్లనే తెలుసుకున్నారు. 2008లో చనిపోయేవరకూ అతను శాస్త్రజ్ఞుల పరీక్షలకు ఓపికగా సహకరించాడు. ఆ తర్వాతనే అతని పూర్తి పేరు లోకానికి తెలిసింది.

బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు అతనిచేత ఒక చిత్రమైన పరీక్ష చేయించింది. దానిని మీరూ చేసి చూడవచ్చు. కాగితం మీద రెండు గీతలతో, మధ్య కొంచెం సందు ఉండేలా ఒక నక్షత్రం గీయండి. ఎదురుగా అద్దం నిలబెట్టండి. మీ చెయ్యి మీకు నేరుగా కనపడకుండా పుస్తకం అడ్డుపెట్టి, అద్దంలో మాత్రమే చూస్తూ ఆ సందులో పెన్సిలు నడపండి. మొదట గీత వంకరలు పోతుంది. చేయగా చేయగా కుదురుతుంది. హెన్రీకీ అలాగే కుదిరింది. అయితే ఆ పని అంతకు ముందు చేశానన్న సంగతే అతనికి గుర్తు లేదు! చేతి నేర్పు భద్రపడే చోటు వేరని అలా తేలింది.

జారిపోయే చోట్లు

మూర్ఛవ్యాధి ఉన్న అందరికీ మతిమరపు ఉండాలని లేదు. ఉన్నవారిలోనూ కారణం ఒక్కటే కాదు.

మొదట, పట్టుకునే చోట. కొందరు పిల్లలకు వచ్చే మూర్ఛలో కింద పడటం, కొట్టుకోవడం ఉండవు. కొద్ది సెకన్లపాటు చూపు నిలిచిపోతుంది, అంతే. చూసేవారు పరధ్యానం అనుకుంటారు. ఇది రోజుకు ఎన్నోసార్లు రావచ్చు. ఆ క్షణాలలో చెప్పిన పాఠం అసలు లోపలికే పోదు. మందుల వల్ల వచ్చే మగత కూడా శ్రద్ధను తగ్గిస్తుంది.

తర్వాత, భద్రపరచే చోట. చాలామందికి మూర్ఛ కణతల వెనక, హిప్పోక్యాంపస్ ఉన్న ప్రాంతంలోనే మొదలవుతుంది. మూర్ఛకు కాస్త ముందు నేర్చినది కూడా చెరిగిపోవచ్చు. పగలు నేర్చినది రాత్రి నిద్రలో స్థిరపడుతుంది. రాత్రి మూర్ఛ వస్తే ఆ పని చెడిపోతుంది. ఓమ్ నియమం చెప్పిన రోజు రాత్రి మా కుర్రవాడికి నిద్రలో మూర్ఛ వచ్చిందని వాళ్లమ్మ తర్వాత నాతో చెప్పింది. పాఠం జారిపోయింది అక్కడ!

చివరగా, వెతికి తీసే చోట. మాట నాలుక మీదనే ఉంటుంది, పైకి రాదు. టోపిరమేట్ అనే మందు వాడే కొందరిలో ఈ ఇబ్బంది కనిపిస్తుంది.

మాత్రలు మానవచ్చునా?

1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ మూర్ఛ వైద్యంలోకి వచ్చాయి. ఆ తర్వాత మరెన్నో వచ్చాయి. ఇవన్నీ రేగిపోయే నాడీకణాలను అదుపులో పెడతాయి. అలా చేసేటప్పుడు కొన్ని మందులు మెదడు చేసే ఇతర పనులనూ కొంచెం నెమ్మది చేయవచ్చు. ఫినోబార్బిటాల్‌తో ఇది ఎక్కువ. మోతాదు పెరిగినా, రెండు మూడు మందులు కలిపి వాడినా ఎక్కువే. లామోట్రిజిన్ వంటి మందులతో తక్కువ. కాబట్టి మా కుర్రవాడి అనుమానంలో కొంత నిజం ఉండే ఉంటుంది. పొరపాటు అతను చేసిన పనిలో ఉన్నది.

మందు హఠాత్తుగా మానితే అదుపు తప్పిన కణాలు ఒక్కసారిగా రేగుతాయి. మూర్ఛ వెంట మూర్ఛ వచ్చి ప్రాణానికే ముప్పు రావచ్చు. మూర్ఛలు ఎక్కువయితే జ్ఞాపకానికీ నష్టమే. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నదనీ, సరైన వైద్యం అందితే 100కు 70 మంది మూర్ఛలు లేకుండా బతకగలరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మతిమరపు బాధిస్తుంటే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. ఎప్పుడు మరచిపోయారు, మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, రాత్రి నిద్ర ఎలా పట్టింది అని రెండు వారాలు కాగితం మీద రాసి చూపాలి. మోతాదు మార్చడమా, మందు మార్చడమా అన్నది ఆయన నిర్ణయిస్తారు.

కొంగున ముడి

ఏదైనా గుర్తుండాలంటే మన అమ్మమ్మలు కొంగున ముడి వేసుకునేవారు. తలలో నిలవనిదాన్ని తల బయట నిలపడం అది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఒక చిన్న నోటుబుక్కు ఎప్పుడూ ఒకే జేబులో ఉండాలి. చెప్పిన పని అప్పటికప్పుడు అందులో రాయాలి. తాళం, కళ్లజోడు, పెన్ను, ప్రతిదానికీ ఒకే చోటు కేటాయించాలి. మాత్రలకు ఏడు రోజుల పేర్లతో ఏడు గదుల పెట్టె దొరుకుతుంది. "ఇవాళ వేసుకున్నానా?" అన్న అనుమానానికి ఆ గదే జవాబు చెబుతుంది. పళ్లు తోముకోగానే వేసుకోవడం వంటి అలవాటు మంచిది. మొబైలులో అలారం పెట్టుకోవచ్చు. ఒక పూట మరచిపోతే రెండో పూట సొంతంగా రెట్టింపు వేసుకోరాదు. అలాంటప్పుడు ఏం చేయాలో వైద్యుణ్ణి ముందే అడిగి రాసి ఉంచుకోవాలి.

ఇక చదువు. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఒక సంగతి తేల్చాడు. నేర్చినదానిలో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే, మొదటి రోజుల్లోనే పోతుంది. కాబట్టి పుస్తకం మూసి, ఆ రోజు సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి, వారం తర్వాత మరోసారి తనకు తానే చెప్పుకోవాలి. పదిసార్లు చదవడం కంటే మూడుసార్లు చూడకుండా చెప్పుకోవడం మేలు. పరీక్షల ముందు రాత్రంతా మేలుకోరాదు. నిద్రలేమి వల్ల జ్ఞాపకం చెడుతుంది, మూర్ఛా వస్తుంది.

మనం చేయవలసింది

తరగతిలో ఎవరికైనా మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవులు, ఇనుప వస్తువులు పెట్టకండి. వాటివల్ల మూర్ఛ ఆగదు. నోట్లో ఏమీ పెట్టకండి. చుట్టూ ఉన్న బెంచీలు జరిపి, తల కింద మెత్తనిది పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలకు మించి ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తెలివి వచ్చాక కొంతసేపు వారికి ఏమీ తోచదు. అప్పుడు ప్రశ్నలు వేయకండి. ఆ పూట చెప్పిన పాఠం మీ నోటుబుక్కు నుంచి రాసి ఇవ్వండి.

మా కుర్రవాడికి వైద్యుడు మందు మార్చారు. పక్క బెంచీ స్నేహితుడు రోజూ సాయంత్రం పది నిమిషాలు వాడిచేత పాఠం చెప్పించేవాడు. నేను అందరి ముందూ ఉన్నట్టుండి ప్రశ్న అడగడం మాని, ఏం అడుగుతానో ముందు రోజే చీటీ మీద రాసి ఇచ్చేవాణ్ణి. పదో తరగతి పాసయ్యాడు. ఇప్పుడు ఒక ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తున్నాడు. మొన్న బజారులో కలిసినప్పుడు మాట్లాడుతూనే జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. "మాస్టారూ, మీరు కలిశారని ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాలి. మరచిపోకుండా రాసుకుంటున్నాను" అన్నాడు.