కాంట్రా స్పీడు పెరిగిందా?

తొంభైల్లో కాంట్రా వీడియో గేమ్ ఆడి పెరిగినవాళ్లు ఇప్పుడు దాన్ని నింటెండో స్విచ్‌లోనో ప్లేస్టేషన్‌లోనో మళ్లీ మొదలుపెడితే, మొదటి స్టేజీలోనే మూడు లైఫులూ పోగొట్టుకుని అనే మాట ఒకటే: ‘ఇది ఇంత స్పీడుగా ఉండేదా?’ ఆ వెంటనే నెపం వయసు మీదకి నెట్టేస్తారు. నలభై దాటాయి, వేళ్లు మునుపటిలా కదలడం లేదు అని. వయసు సంగతి పక్కన పెడితే, ఆ అనుమానం మాత్రం నిజమే. మన ఇళ్లలో ఆడిన కాంట్రా కంటే ఇప్పటి కాంట్రా దాదాపు ఐదో వంతు వేగంగా పరిగెడుతోంది.

కాంట్రాని కొనామి 1987లో ఆర్కేడ్ కోసం చేసింది. మనకు తెలిసింది మరుసటి ఏడాది నింటెండో ఎన్‌ఇఎస్ మెషీన్‌కి వచ్చిన రూపం. అసలు నింటెండోని మన ఊళ్లలో చూసినవాళ్లు అరుదు. ఇక్కడ అమ్మినవి దాని నకళ్లు. వాటితో వచ్చే క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది. లోపల మాత్రం అవే కొన్ని గేములు పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి కనిపించేవి.

ఆ కాలపు గేములు చాలావరకు టీవీ లయ మీదే నడిచేవి. టీవీ తెర మీద ఒక బొమ్మ గీయడం పూర్తవగానే గేమ్ ఒక అడుగు వేస్తుంది. ఏ బటన్ నొక్కామో చూసి, మన సైనికుణ్ని, శత్రువుల్ని, బుల్లెట్లని కొన్ని చుక్కల మేర జరుపుతుంది, పాటని కొంచెం ముందుకు నడుపుతుంది. మళ్లీ తర్వాతి బొమ్మ దాకా ఆగుతుంది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు గీసేవి. మన దేశంలోది పాల్ పద్ధతి, 50 సార్లే. మన టీవీలకు తగ్గట్టు తయారైన నకలు మెషీన్‌లో గేమ్ సెకనుకు 50 అడుగులే వేసేది. అక్కడ ఐదు నిమిషాల్లో అయ్యే స్టేజీ ఇక్కడ ఆరు నిమిషాలు పట్టేది. ఆ నెమ్మది పాటే మన చెవుల్లో ఉండిపోయింది. కొనామి 2019లో తెచ్చిన కాంట్రా ఆనివర్సరీ కలెక్షన్‌లో అదే గేమ్ అసలు వేగంతో, 60 అడుగులతో నడుస్తుంది. అంటే అమెరికా పిల్లలు ఆడిన గేమ్‌ని మనం ఇప్పుడే మొదటిసారి ఆడుతున్నాం.

దీనికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది. పాత డబ్బా టీవీ సిగ్నల్ అందగానే గీసేసేది. దాచుకోవడానికి దాని దగ్గర మెమరీ ఎక్కడిది? ఇప్పటి ఫ్లాట్ టీవీ బొమ్మని ముందు లోపల పట్టుకుని, సైజు పెంచి, రంగులు దిద్ది, అప్పుడు చూపిస్తుంది. సినిమాకి ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. కాంట్రాలో ఒక్కో అడుగు సుమారు 17 మిల్లీసెకన్లు కాబట్టి, టీవీ రెండు మూడు అడుగులు వెనకబడినా మీరు గెంతమన్న మనిషి బుల్లెట్ తగిలాక గెంతుతాడు. చాలా టీవీల్లో ‘గేమ్ మోడ్’ అని ఒకటి ఉంటుంది. అది ఆన్ చేస్తే ఈ దిద్దుబాట్లలో చాలావరకు ఆగిపోతాయి. కొత్త కంట్రోలర్ కొనే ముందు అది చూసుకోవడం మంచిది, పైగా ఖర్చు లేనిది.

బాతుల్ని తుపాకీతో కాల్చే డక్ హంట్ గేమ్ సంగతి అయితే మరీ ఘోరం. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తెర ఒక్కసారి నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. ఆ వెలుగు సరిగ్గా ఆ క్షణంలోనే కనబడిందా లేదా అని ప్లాస్టిక్ తుపాకీలోని సెన్సర్ చూస్తుంది. వెలిగే తీరే వేరైన ఫ్లాట్ టీవీ ముందు ఆ పాత తుపాకీ పనికిరాదు, ఎంత గురి ఉన్నా సరే.

ఇంతకీ కాంట్రా అంత కష్టంగా ఎందుకుండాలి? మొత్తం గేమ్ 128 కిలోబైట్లు. ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో కూడా అంతకంటే పెద్దది. ఎనిమిది స్టేజీలు, చేయి తిరిగినవాడు అరగంటలోపే ముగించేస్తాడు. డబ్బు పెట్టి కొన్న గేమ్ అరగంటలో అయిపోతే ఎవరూరుకుంటారు? అందుకే ఒక్క దెబ్బకే లైఫ్ పోతుంది, దానితో పాటు ఐదు బుల్లెట్లు విసనకర్రలా విరజిమ్మే ఎస్ గన్ కూడా పోతుంది. లైఫ్ కంటే గన్ పోయినందుకే ఎక్కువ ఏడుపు వచ్చేది. మామూలు తుపాకీతో మిగతా స్టేజీ దాటడం ఎంత నరకమో ఆడినవాళ్లకి తెలుసు.

పై, పై, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ అని నొక్కితే 30 లైఫులు వచ్చే కోడ్ కథ కూడా ఇలాంటి కష్టంలోంచే పుట్టింది. కొనామిలో కజుహిసా హాషిమోతో అనే ఆయన గ్రాడియస్ గేమ్‌ని ఎన్‌ఇఎస్‌కి మార్చేటప్పుడు, దాన్ని పరీక్షించడానికి తానే చివరిదాకా ఆడలేక ఈ కోడ్ పెట్టుకున్నాడు. తర్వాత అది గేమ్‌లోనే ఉండిపోయింది, అక్కడి నుంచి కాంట్రాలోకీ వచ్చింది. చేసినవాడికే గట్టెక్కని గేముల్ని పదేళ్ల పిల్లల చేతుల్లో పెట్టారన్నమాట!

ఇప్పటి కన్సోల్ ఇచ్చే అసలైన వరం సేవ్. ఆ రోజుల్లో ఆరో స్టేజీలో లైఫులు, కంటిన్యూలు అన్నీ అయిపోయాయంటే మళ్లీ మొదటి స్టేజీ అడవిలోంచే నడక. దాంతో ఆ స్టేజీ ఎక్కాల్లా కంఠస్థం అయ్యేది, ఏడోది ఎలా ఉంటుందో ఊహకి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఏడో స్టేజీ మొదట్లో సేవ్ చేసుకుని దాని ఒక్కదాన్నే సాయంత్రమంతా నేర్చుకోవచ్చు. ఇది మోసం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. సంగీతం నేర్చుకునేవాళ్లు కూడా రాని చోటే కదా పదిసార్లు పాడుకుంటారు.

నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లోని పాత గేములకి ఇచ్చిన రివైండ్ మీద మాత్రం నాకంత ప్రేమ లేదు. అందులో ఘోస్ట్స్ ఎన్ గోబ్లిన్స్ ఆడి చూడండి. ఆ గేమ్‌లో గెంతాక గాల్లో దారి మార్చుకోలేం. గెంతే ముందే ఎక్కడ దిగుతామో తేల్చుకోవాలి, గేమ్ అంతా ఆ తేల్చుకోవడం మీదే నిలబడింది. తప్పు గెంతుని ఐదు సెకన్లు వెనక్కి లాగేస్తుంటే ఇక తేల్చుకునేదేముంది? ఎలాగోలా చివరికి చేరతాం, చేతికి ఏమీ రాదు. పైగా దాన్ని రెండుసార్లు పూర్తి చేస్తే గానీ అసలు ముగింపు చూపించరు, రెండోసారి కూడా రివైండ్ పట్టుకునే నడవాలి.

కాంట్రాలో ఏ సేవూ తీర్చలేని చిక్కు మూడో స్టేజీలో ఉంది, అదీ ఇద్దరు ఆడితేనే. జలపాతం పక్కన రాళ్లెక్కుతూ పైకి పోవాలి. ముందెక్కినవాడితో పాటు తెర పైకి జరుగుతుంది. కిందున్నవాడు తెర అంచు దాటాడంటే చచ్చినట్టే, శత్రువు ఒక్క బుల్లెట్ కాల్చక్కర్లేదు. లైఫులన్నీ అయిపోయిన తమ్ముడు ఎ బటన్ నొక్కి అన్నయ్య లైఫు ఒకటి లాక్కుంటాడు. లాక్కున్న లైఫుతో రెండు రాళ్లెక్కేసరికి అన్నయ్య మళ్లీ పైకి గెంతేస్తాడు.