రాయపూర్ బియ్యం, ప్రపంచ విపణి: లాభం ఎవరిది, భయం ఎవరిది?

రాయపూర్: ఛత్తీస్‌గఢ్‌కు సముద్రతీరం లేదు. అయినా ‘ధాన్ కా కటోరా’గా, అంటే వరి గిన్నెగా పేరొందిన ఈ రాష్ట్రపు బియ్యం కాకినాడ, విశాఖపట్నం రేవుల మీదుగా విదేశాలకు, ముఖ్యంగా ఆఫ్రికా దేశాలకు తరలుతోంది. ప్రపంచ బియ్యం వాణిజ్యంలో భారత్ వాటా సుమారు 40 శాతం. అందువల్ల ఢిల్లీలో వెలువడే ఒక్క నోటిఫికేషన్ రాయపూర్ మిల్లులపైనా, బెనిన్, సెనెగల్‌లలోని వంటిళ్లపైనా ఒకేసారి ప్రభావం చూపుతుంది.

2023 జులై 20న జరిగింది అదే. దేశంలో ధరలు పెరుగుతున్నాయన్న కారణంతో బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం విధించింది. అంతర్జాతీయ ధరలు 15 ఏళ్ల గరిష్ఠానికి చేరాయి. సరిగ్గా ఆ సమయంలోనే మన ఎగుమతిదారులకు విపణి మూతపడింది. నిషేధం 2024 సెప్టెంబరు 28న తొలగింది. నూకల ఎగుమతికి మాత్రం 2025 మార్చి దాకా ఆగవలసి వచ్చింది.

ఆ కాలపు భారం నేరుగా రైతుపై పడలేదు. కేంద్ర మద్దతు ధరకు రాష్ట్ర సాయం కలిపి క్వింటాలు ధాన్యానికి 3,100 రూపాయల చొప్పున, ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు ఇక్కడి ప్రభుత్వం చెల్లిస్తోంది. ప్రపంచ ధర పడిపోయినా రైతుకు ఆ దెబ్బ తగలదు. పెరిగినా ఆ లాభం అతని చేతికి రాదు. ఒడిదుడుకులను మోయవలసింది మిల్లర్లు, హమాలీలు, రేవు కూలీలు. వారికి ఏ హామీ ధరా లేదు. నిషేధంకన్నా అది ముందస్తు సూచన లేకుండా రావడమే వారికి ఎక్కువ చేటు.

రైతుకున్న ఈ రక్షణ కూడా వివాదాలకు అతీతం కాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల ప్రకారం ఇటువంటి సాయం పంట విలువలో 10 శాతం మించరాదు. వరి విషయంలో 2018-19లో ఆ పరిమితి దాటిన భారత్, 2013 బాలి సమావేశంలో కుదిరిన ‘శాంతి నిబంధన’ను ఆశ్రయించింది. శాశ్వత పరిష్కారంపై చర్చలు ఏళ్ల తరబడి సాగుతున్నాయి.

ధరకంటే లోతైన ఆందోళన విత్తనానిది. శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా 1970లలో సేకరించిన వేలాది దేశవాళీ వరి రకాలు రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయానికి వారసత్వంగా వచ్చాయి. 2002లో ఈ నిధి విషయమై స్విట్జర్లాండ్ సంస్థ సింజెంటాతో ఒప్పందం కుదుర్చుకునేందుకు విశ్వవిద్యాలయం సిద్ధపడింది. తరతరాలుగా రైతులు కాపాడిన విత్తనంపై బేరమాడే అధికారం ఎవరిదని నిరసనలు చెలరేగగా, ఆ డిసెంబరులో సంస్థ వెనక్కి తగ్గింది. జీవవైవిధ్య చట్టానికి పార్లమెంటు ఆమోదం లభించినదీ అదే నెలలో.

ఆ తరువాత సర్గుజా ప్రాంతపు జీరాఫూల్‌కు 2019లో, ధమ్‌తరీ జిల్లాకు చెందిన నగరి దుబ్‌రాజ్‌కు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే ఆ గుర్తింపు దేశంలోనే చెల్లుతుంది. విదేశీ విపణిలో ఆ పేర్లకు రక్షణ కావాలంటే ఆయా దేశాల్లో విడిగా నమోదు చేయించుకోవాలి.