వదిన బండికి ఎక్కిళ్ళు

"బండికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయమ్మాయ్!" అంది మా వదిన ఫోన్లో, పొద్దున్నే ఆరింటికి.

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ బండి ఆగితే వదిన పొయ్యి ఆగుతుంది మరి. వదినంటే మావారి పెద్దక్కగారు. అన్నయ్యగారు పోయాక చిక్కడపల్లిలో రెండు గదులు అద్దెకు తీసుకుని, అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదువుకునే పిల్లలకి రెండు పూటలా భోజనాలు పంపుతుంది. పూటకి తొంభై భోజనాలు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుట్నుంచీ కూర్చున్న పిల్లలు ఒంటిగంటకి పుస్తకాలు మూసి ఎదురుచూసేది ఆవిడ చిన్న ట్రక్కు కోసమే. మూడేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొంది. పెట్రోలు మీదా నడుస్తుంది, సీఎన్‌జీ మీదా నడుస్తుంది.

విషయం ఏమిటంటే, ముందురోజు ఒక సీమంతం ఆర్డరు పట్టుకుని వెళ్తుంటే నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కేచోట బండి కుదుపులు మొదలుపెట్టింది. సాంబారు క్యాన్ మూత ఊడి సగం ఒలికిపోయింది. వెనక నుంచి హారన్లు. డ్రైవర్ కుర్రాడు ఎలాగో దిగువకి చేర్చి, తెలిసిన మెకానిక్‌కి చూపించాడు. ఆయన రెండుసార్లు యాక్సిలేటర్ నొక్కి విని, "అమ్మా, ఇంజన్ల పవర్ పోయింది. దించి బోరు చెయ్యాలె. ముప్ఫై ఎనిమిది వేలు అయితది. పదివేలు అడ్వాన్స్ ఇస్తే రేపే మొదలుపెడతా" అన్నాట్ట.

నేను వెళ్ళేసరికి వదిన బీరువా ముందు కూర్చుని ఉంది. ఒళ్ళో చేతిరుమాలు, అందులో రెండు గాజులు. అన్నయ్యగారు చేయించినవి. "తాకట్టేగా, అమ్మడం కాదుగా" అంది నా మొహం చూడకుండా. మావారికి ఫోన్ చేస్తే "మెకానిక్ చెప్పాడుగా, మనకేం తెలుసు?" అన్నారు. నిజమే, మనకేం తెలుసు? నాకు తెలిసిందల్లా కథలు రాయడం. చదివిన బి.ఎ.లో ఇంజన్ పాఠం లేదు.

ఎందుకో నాన్న గుర్తొచ్చారు. నా చిన్నప్పుడు మాకో బజాజ్ చేతక్ ఉండేది. అశోక్‌నగర్ ఇంటి ముందు ప్రతి ఆదివారం నాన్న దాన్ని ఒక పక్కకి వంచి, ప్లగ్గు విప్పి, గరుకు కాయితంతో రుద్ది, నోటితో ఊది మళ్ళీ బిగించేవారు. అప్పుడందరి నోటా మైకో ప్లగ్గే. ఆ మైకో కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. నాన్నకి ఫోన్ చేసి సంగతంతా చెబితే ఒకటే ప్రశ్న వేశారు.

"ప్లగ్గు విప్పి చూశారా?"

చూడలేదు. ఎవ్వరూ చూడలేదు!

గంటలో నాన్న ఆటోలో దిగారు. దిగుతూనే డ్రైవర్ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, డాక్టరు రోగిని అడిగినట్టు అడగడం మొదలుపెట్టారు. పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే కుదుపుతోందా, వేడెక్కాకా? ఖాళీగా ఉన్నప్పుడా, బరువున్నప్పుడా? పెట్రోలు మీదా, గ్యాసు మీదా? కుర్రాడు తల గోక్కుని, "పెట్రోల్ మీద మంచిగనే పోతది సార్. గ్యాస్ మీదికి మారినంక, ఎత్తు ఎక్కితే మిస్సింగ్ కొడతది" అన్నాడు. నాన్న కళ్ళు మెరిశాయి. "అయితే నిప్పురవ్వ దగ్గరే తేడా ఉండుండాలి" అన్నారు.

ఎలాగంటే, మన గ్యాస్ స్టవ్ లైటర్ తెలుసుగా. టక్కున నొక్కితే మొనలో చిన్న మెరుపు, స్టవ్ అంటుకుంటుంది. మెరుపు బలహీనంగా ఉంటే టక్ టక్‌మనడమే తప్ప మంట రాదు. స్పార్క్ ప్లగ్గు ఇంజన్లో లైటర్. వదిన బండికి నాలుగు సిలిండర్లు, నాలుగు ప్లగ్గులు, ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్. బ్యాటరీలో ఉండే 12 వోల్టుల కరెంటును కాయిల్ వేల వోల్టులకి పెంచి ప్లగ్గుకిస్తుంది. ప్లగ్గు చివర రెండు లోహపు మొనల మధ్య సన్నని సందు. ఆ సందులో నిప్పురవ్వ దూకుతుంది. ఏదో ఒక సిలిండర్లో అది దూకలేదనుకోండి, మిగతా మూడే బండిని లాగాలి. అదే కుదుపు. మెకానిక్కులు మిస్సింగ్ అనేది దీన్నే.

బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. సీఎన్‌జీకి పెట్రోలు కంటే ఇంకా ఎక్కువ కావాలి. కాబట్టి ప్లగ్గో కాయిలో నీరసించిపోతే ఆ సంగతి ముందు బయటపడేది గ్యాసు మీద, ఫ్లైఓవర్ మీద! అదే ఇంజన్ నిజంగా అరిగిపోయి బిగువు తగ్గితే పెట్రోలు మీదా ఈసురోమంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక గాజులు బీరువాలోంచి బయటికొచ్చాయి.

పక్కవాటాలో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి దగ్గర స్కానర్ ఉంది. వెయ్యి రూపాయల లోపు వస్తువేనట. స్టీరింగ్ కింద సాకెట్‌కి గుచ్చితే ఫోన్లో కోడ్ కనిపిస్తుంది. మాకు పీ0303 అని వచ్చింది. చివరి అంకె సిలిండర్ నెంబరు, అంటే మూడో సిలిండర్ మిస్సవుతోందన్నమాట. చివర సున్నా ఉంటే, అంటే పీ0300 అయితే, ఫలానా సిలిండరని కాదు, అటూఇటూ మారుతోందని అర్థం. అప్పుడు నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నవేవో చూసుకోవాలి.

సరే, మూడోది అని తెలిసింది. కాయిలా? ప్లగ్గా? ఇంకేమన్నానా? నాన్న పద్ధతి చూసి నాకు ముచ్చటేసింది. ఇంజన్ పూర్తిగా చల్లారాక సీటు ఎత్తి (ఈ బండికి ఇంజన్ సీటు కిందే), మూడో కాయిల్ తీసి రెండోదాని మీద, రెండోది తీసి మూడోదాని మీద పెట్టించారు. కోడ్ చెరిపేసి, బండి ఓ చుట్టు తిప్పి రమ్మన్నారు. తిరిగొచ్చాక కోడ్ పీ0302! రోగం కాయిల్‌తో పాటే నడిచి పక్కింటికి వెళ్ళింది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. కోడ్ కదలకుండా మూడోదాని మీదే ఉండిపోతే ప్లగ్గులు అలాగే మార్చి చూడాలి, అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఇంజన్ దించే మాట ఆ పరీక్ష తర్వాతే.

వదిన అప్పుడే "అయితే ఆ కాయిల్ ఒక్కటీ కొనేస్తే సరి" అంది. నాన్న ఒప్పుకోలేదు. ప్లగ్గులు నాలుగూ విప్పించి పాత పేపరు మీద వరసగా పెట్టించారు, ఏది ఏ సిలిండర్‌దో కింద అంకె వేసి మరీ. చూడ్డం ఎలాగో అప్పుడే నేర్చుకున్నాను. మొన లేత గోధుమరంగులోనో బూడిదరంగులోనో ఉంటే ఆరోగ్యం. పొడిగా నల్లటి మసి ఉంటే ఇంధనం ఎక్కువవుతోందని. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోందని, అప్పుడు మెకానిక్ మాటలో నిజం ఉన్నట్టే. తెల్లగా కాలి పొక్కులు తేలితే ఇంజన్ అతిగా వేడెక్కుతోందని.

మావి నాలుగూ గోధుమరంగే. ఇంజన్ బాగుందని అవే చెప్పాయి. కానీ సందు కొలిస్తే? బండి పుస్తకంలో ఉండాల్సినది 1 మిల్లీమీటర్ లోపు. మావి అరిగి అరిగి 1.3కి పోయాయి! ఎవరూ మార్చిన పాపాన పోలేదు. సందు వెడల్పయినకొద్దీ కాయిల్ ఇంకా గట్టిగా నెట్టాలి. నెట్టీ నెట్టీ మూడోది ప్రాణం విడిచింది. కాయిల్ ఒక్కటే మార్చి పాత ప్లగ్గులు ఉంచితే కొత్తదీ అదే దారి పడుతుందన్నమాట. అన్నట్టు, ఆ బండి పుస్తకం మూడేళ్ళుగా డాష్‌బోర్డు అరలో, కవరు విప్పకుండా ఉంది. అందులోనే ప్లగ్గు నెంబరు, సందు కొలత, ఎప్పుడు మార్చాలో అన్నీ ఉన్నాయి. చీర కొంటే అంచు దగ్గర్నుంచీ చూసే మనం బండి పుస్తకం ఎందుకు చదవమో!

ఆ మధ్యాహ్నమే నేనూ వదినా రాణిగంజ్ వెళ్ళాం. కొట్టు కుర్రాడు నెంబరు చూసి, "ఆ కంపెనీది లేదమ్మా, ఇది తీసుకోండి, నెంబర్ అదే" అని ఇంకో డబ్బా ఇచ్చాడు. ఇక్కడే జాగ్రత్త! ప్లగ్గుకి వేడిని వదిలించుకునే గుణం ఉంటుంది, దాన్ని తెలిపే అంకె నెంబరులో కలిసి ఉంటుంది. ఎన్‌జీకే, డెన్సో వాళ్ళకి ఆ అంకె పెరిగినకొద్దీ చల్లని ప్లగ్గు. బాష్, ఛాంపియన్ వాళ్ళకి అంకె పెరిగినకొద్దీ వేడి ప్లగ్గు. పూర్తిగా తల్లకిందులు! మరీ చల్లనిదైతే మసి పట్టి మిస్సవుతుంది, మరీ వేడిదైతే రవ్వ పడకముందే ఇంధనం అంటుకుని ఇంజన్‌కే చేటు. మొన దాదాపు 450 నుంచి 870 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య ఉంటేనే తన మసి తానే కాల్చుకుని శుభ్రంగా ఉంటుంది. కంపెనీ మారితే ఏది దేనికి సమానమో ఆ కంపెనీ పట్టిక చూడాల్సిందే. అంకె కలిసిందని తీసుకోకూడదు.

నాలుగో కొట్టులో సరైన నెంబరు దొరికింది. అక్కడ ఇంకో సమస్య. నికెల్‌వా, ఇరిడియంవా? ఇరిడియం 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగని లోహం, సన్నని మొన, లక్ష కిలోమీటర్ల దాకా వస్తాయని పేరు. ధర మూడు రెట్లు పైమాటే. నికెల్‌వి ముప్ఫై నలభై వేలకి మార్చాలి, గ్యాసు బండికి ఇంకాస్త ముందే. షాపతను ఇరిడియం అన్నాడు. వదిన వేళ్ళ మీద లెక్క వేసింది. "నా బండి రోజుకి నలభై కిలోమీటర్లు తిరగదు. నికెల్‌వే రెండేళ్ళు వస్తాయి. అవే ఇవ్వు, బిల్లు రాసివ్వు" అంది. బిల్లు ఎందుకంటే, ప్లగ్గుల్లో నకిలీలు బోలెడు. నాలుగు ప్లగ్గులూ కాయిలూ కలిపి మూడు వేల లోపే అయింది.

బిగించడం కూడా ఒక విద్యే. ముందు చేత్తోనే మరలోకి తిప్పాలి. చివరిదాకా వచ్చాక, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుకి స్పానర్‌తో ఇంకో అర చుట్టు, అంతే. ఇంజన్ పైభాగం అల్యూమినియం. బలమంతా చూపిస్తే మర పోతుంది, అప్పుడు నిజంగానే ఇంజన్ విప్పాల్సి వస్తుంది. కింద పడిన ప్లగ్గుని పైకి బాగున్నా వాడకూడదు, లోపల పింగాణీ చిట్లుతుంది. గ్యాసు పైపుల జోలికి మాత్రం మేం పోలేదు, మీరూ పోకండి. అది ఆ పని తెలిసిన వర్క్‌షాపు వాళ్ళదే. చెక్ ఇంజన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే బండి పక్కకి ఆపేయడం మంచిది. మండని ఇంధనం పొగగొట్టంలోకి పోయి, అక్కడుండే ఖరీదైన కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. డీజిల్ బండి ఉన్నవాళ్ళు ప్లగ్గు కోసం వెతక్కండి. దానికి స్పార్క్ ప్లగ్గే ఉండదు, ఒత్తిడి వేడికే ఇంధనం అంటుకుంటుంది.

నాన్న స్టూలు మీద కూర్చుని చెబుతుంటే, కుర్రాడు బిగిస్తుంటే, వదిన టార్చి పట్టుకుంది. నేను బెర్తా బెంజ్ కథ చెప్పాను. 1888లో జర్మనీలో, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా నూరు కిలోమీటర్లకి పైగా ఆయన తయారుచేసిన కారు నడిపింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. రవ్వ తెచ్చే తీగ ఒరుసుకుపోతే తన మేజోడు పట్టీ చుట్టింది. "చూశావా, మన దగ్గర ఉన్నవాటితోనే!" అంది వదిన. తన జాకెట్టుకున్న పిన్నీసు తడుముకుని నవ్వింది.

సాయంత్రం తొంభై భోజనాలూ ఎక్కించి గ్యాసు మీద పంపాం. అశోక్‌నగర్ నుంచి తిరిగొస్తూ కుర్రాడు కావాలనే ఖాళీ క్యాన్లలో నీళ్ళు నింపి, బరువుతో నారాయణగూడ ఫ్లైఓవర్ మీదుగా వచ్చాడు. "మంచిగ ఎక్కింది మేడం" అన్నాడు గుమ్మంలో నిలబడి. అప్పుడు గానీ వదిన రుమాలు మడిచి బీరువాలో పెట్టలేదు.

వంటింట్లో గ్యాస్ బుకింగ్ తేదీలు రాసుకునే కాలెండర్ మీద ఇప్పుడు బండి కిలోమీటర్ల అంకె కూడా ఉంది, దాని పక్కన ఎర్ర పెన్నుతో మళ్ళీ ప్లగ్గులు మార్చాల్సిన అంకె. ఆయిల్ మార్చడానికి మాత్రం బండిని ఆ మెకానిక్ దగ్గరికే పంపింది. "అతని చేతిపని మంచిదేనే. కాకపోతే ఇకమీదట ఏదైనా విప్పే ముందు నన్ను పిలవమన్నా" అంది.