బండి కటకటమంటే

తెల్లారింది. పాల క్యాన్లు కట్టారు. మోటారు సైకిల్ స్టార్ట్ చేశారు. ఇంజనులోంచి కటకటమని చప్పుడు!

"పాత బండి కదే, అట్లాగే అంటది" అంటాడు ఇంటాయన.

కాదక్కా. ఆ చప్పుడును తేలిగ్గా తీసుకోవద్దు. బండి దారిలో ఆగితే పాలు విరుగుతాయి. ఆ రోజు రాబడి పోతుంది.

చప్పుడు ఎక్కడిది?

వెనక చక్రాన్ని తిప్పే చైను మనందరికీ తెలుసు. చాలా మోటారు సైకిళ్లలో ఇంకో చైను ఉంటుంది. అది ఇంజను లోపల ఉంటుంది. బయటికి కనబడదు. దాన్ని టైమింగ్ చైను అంటారు.

ఇంజను లోపలికి గాలి, పెట్రోలు రావాలి. కాలిన పొగ బయటికి పోవాలి. అందుకు చిన్న తలుపుల వంటివి ఉంటాయి. వాటిని వాల్వులు అంటారు. అవి సరైన సమయానికి తెరుచుకునేలా, మూసుకునేలా చేసేది ఈ చైనే.

నులక మంచం వాడగా వాడగా వదులవుతుంది. ఈ చైను కూడా అంతే. అది ఊగకుండా పక్కన పట్టుకునేది గైడు. వదులు కాకుండా నొక్కి ఉంచేది టెన్షనర్. గైడు అరిగినా, టెన్షనర్ పాడైనా చైను కొట్టుకుంటుంది. అందుకే కటకట.

అలాగే నడిపితే ఏమవుతుంది?

సైకిలు చైను వదులైతే పళ్ల మీంచి జారుతుంది కదా! ఇదీ జారవచ్చు. అప్పుడు వాల్వులు పిస్టనుకు తగిలి వంగవచ్చు. చిన్న రిపేరు పెద్దదవుతుంది.

ఏం చేయాలి?

ముందు ఆయిల్ చూడండి. బండిని చదునైన చోట నిలువు స్టాండు వేయండి. కాసేపు ఇంజను నడిపి ఆపండి. రెండు మూడు నిమిషాలు ఆగండి. ఆయిల్ పుల్ల తీసి గుడ్డతో తుడవండి. మళ్లీ పెట్టి తీయండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే పోయించండి. నల్లబడి పాతదైతే మార్పించండి.

అయినా చప్పుడు పోలేదా? మెకానిక్ దగ్గరికి వెళ్లండి. చప్పుడు వేరే కారణం వల్ల కూడా రావచ్చు. కనుక ముందు చూడమనండి. చైను బాగా సాగితే టెన్షనర్ ఒక్కటే మార్చి లాభం లేదు. చైను, గైడు, టెన్షనర్ మూడూ ఒకేసారి మార్చడం మంచిది. పళ్ల చక్రాలు అరిగాయేమో కూడా చూడాలి.

చైను ఎక్కించేటప్పుడు చక్రాల మీది గుర్తులు సరిగ్గా కలవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా ఇంజను సరిగా నడవదు. బిగించాక ఇంజనును ముందు చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి.

మార్చిన పాత సామాను అడిగి చూడండి. గైడు మీద చైను కోసిన గాడి కనబడుతుంది. అప్పుడు మీరే ఇంటాయనకు చూపించవచ్చు: "ఇదిగో, కటకటమన్నది ఇదే!"